ఫుజికావా మారు కేస్: లంగరు మీద నిలబెట్టి పోగొట్టుకున్న ఓడ

నేను చాలా ఏళ్లు కార్గో షిప్పుల్లో మేట్‌గా (కెప్టెన్ కింద డెక్ ఆఫీసర్) చేసి ఇప్పుడు ఒడ్డునే ఉండి కాడెట్లకి కార్గో వర్క్, స్టెబిలిటీ (ఓడ ఒరిగిపోకుండా నిలబడే లెక్క) చెప్తున్నా, మాది వైజాగే. ప్రతి బ్యాచ్‌కీ ఒక మునిగిన ఓడ కేస్ ఇస్తాను. టైటానిక్ మాత్రం ఇవ్వను, దాని గురించి సినిమా చూసి వచ్చిన ప్రతోడికీ ఒక థియరీ ఉంటుంది. నేను ఇచ్చేది ఫుజికావా మారు. జపాన్ నేవీ వాడుకున్న సరుకు ఓడ, 1944 ఫిబ్రవరిలో పసిఫిక్‌లోని ట్రక్ లగూన్‌లో మునిగింది, డైవింగ్ చేసేవాళ్లకి బాగా తెలిసిన పేరు, మన షిప్పింగ్ వాళ్లకే పెద్దగా తెలీదు. క్లాసులో బోర్డు మీద చెప్పేదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఓడ సంగతి. 1938లో నాగసాకిలో మిత్సుబిషి వాళ్ల యార్డ్‌లో కట్టారు, టోయో కైయున్ అనే కంపెనీ కోసం. పొడవు 130 మీటర్ల పైచిలుకు, 6 హోల్డ్‌లు (సరుకు పెట్టే గదులు), డీజిల్ ఇంజను, ఒకే ప్రొపెల్లర్, గ్రాస్ టన్నేజ్ 6,938. ఇక్కడే ప్రతి ఏడాదీ ఒక కాడెట్ దొరికిపోతాడు, "సర్ 6,938 టన్నుల బరువు మోస్తుందా" అని. కాదు నాయనా, గ్రాస్ టన్ను అంటే బరువు కాదు, చోటు. ఆ రోజుల్లో 100 ఘనపు అడుగులకి 1 టన్ను అని లెక్క, అంటే ఈ ఓడ లోపల మూసి ఉన్న చోటంతా కలిపితే దాదాపు 19,600 ఘనపు మీటర్లు. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, విమానాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

పేరు చివర మారు అని ఉందంటే జపాన్ వ్యాపార ఓడ అన్నమాట, ఇప్పటికీ అలాగే పెడతారు. యుద్ధ నౌకలకి మారు ఉండదు. ఫుజికావా మారుని 1940 డిసెంబర్‌లో, అంటే పెర్ల్ హార్బర్‌కి సరిగ్గా ఏడాది ముందే, నేవీ వాళ్లు తీసేసుకున్నారు. ముందూ వెనకా 6 అంగుళాల తుపాకులు బిగించారు, అవి కూడా ఎప్పుడో పాత యుద్ధ నౌకల కాలం నాటివి, ముందున్నదాని మీద 1899 అని ఉంటుంది. అంటే ఓడ కంటే తుపాకీ 39 ఏళ్లు పెద్దది! దాన్ని పెట్టుకుని డైవ్ చేసే విమానాన్ని కొట్టాలంటే కుదరదు, నీళ్ల పైకి తేలిన సబ్‌మెరైన్‌ని బెదిరించడానికి పనికొస్తుందేమో. పని మాత్రం విమానాలు మోసే పని, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విమానాల్ని రెక్కలు విప్పి హోల్డ్‌ల్లో పెట్టి పసిఫిక్ దీవుల్లో ఉన్న ఎయిర్‌ఫీల్డ్‌లకి చేర్చడం, దాంతో పాటు వాటికి కావాల్సిన ఇంజన్లు, ప్రొపెల్లర్లు, తుపాకీ గుళ్లు, పెట్రోలు డ్రమ్ములు.

జపాన్‌లో అప్పుడు ఓడల్ని మూడు కుప్పలుగా పంచేశారు, ఆర్మీ వాడుకునేవి ఒక కుప్ప, నేవీవి ఒక కుప్ప, జనానికి, ఫ్యాక్టరీలకి సరుకు తెచ్చేవి ఇంకో కుప్ప. ఒక కుప్ప ఓడ ఇంకో కుప్ప సరుకు ఎక్కించుకోదు. ఆర్మీ ఓడ దక్షిణానికి సైనికుల్ని దింపి ఖాళీగా తిరిగొస్తుంది, అదే దారిలో ఇంకో ఓడ ఖనిజం తేవడానికి ఖాళీగా వెళ్తుంది, రెండూ సముద్రంలో ఎదురుపడి హారన్ కొట్టుకుని ఎవరి దారిన వాళ్లు పోవడమే. మన ఊళ్లో ఒకే సందులో ఇద్దరు అన్నదమ్ములు రెండు బోర్లు వేయించుకున్నట్టు. యుద్ధం మొదలయ్యేనాటికి దాదాపు 60 లక్షల టన్నుల ఓడలు ఉన్న దేశం అది, చూడ్డానికి చాలా ఎక్కువే, కానీ తిండి, నూనె, ఇనుప ఖనిజం అన్నీ సముద్రం మీదే రావాల్సిన దేశానికి అది చాలీచాలని లెక్క, దాన్ని మళ్లీ మూడు ముక్కలు చేస్తే ఇంక ఏం మిగుల్తుంది. పైగా ఈ ఓడలకి కాపలా పెట్టే పనిని నేవీ చిన్నచూపు చూసింది, ఎస్కార్ట్‌ల కోసం పెద్ద కమాండ్ అంటూ పెట్టింది 1943 నవంబర్‌లో, అప్పటికే చాలా ఓడలు అడుగున ఉన్నాయి.

ఫుజికావా మారుకి మొదటి దెబ్బ 1943 సెప్టెంబర్ 12న తగిలింది. మార్షల్ దీవుల్లో క్వాజలీన్ దగ్గర అమెరికా సబ్‌మెరైన్ పర్మిట్ వేసిన టార్పెడో తగిలింది, అయినా మునగలేదు, తర్వాత రిపేరు చేసి మళ్లీ పనిలో పెట్టారు. కాడెట్లని ఇక్కడ ఆపి అడుగుతా: సెప్టెంబర్‌లో ఒక టార్పెడోకి బతికిన ఓడ ఫిబ్రవరిలో ఒక టార్పెడోకి ఎందుకు పోయింది? సగం మంది రిపేరు సరిగ్గా చేసుండరు అంటారు. అయ్యుండొచ్చు, కానీ మేట్ అనేవాడు ముందు అడగాల్సింది అది కాదు, ఏ కంపార్ట్‌మెంట్‌లో తగిలింది, అప్పుడు ఓడ ఏ పరిస్థితిలో ఉంది అని.

అక్కడికి వచ్చే ముందు ట్రక్ ఎలా ఉంటుందో చెప్పాలి, చెప్పకపోతే కేస్ అర్థం కాదు. ఇప్పుడు చూక్ అంటున్నారు, మైక్రోనేషియా దేశంలో ఉంది. సముద్రం మధ్యలో 200 కిలోమీటర్ల పైన చుట్టుకొలత ఉన్న పగడపు దిబ్బ ఒక గోడలా ఉంటుంది, లోపల పెద్ద ప్రశాంతమైన సరస్సు లాంటి నీళ్లు, అందులో కొండల దీవులు. లోపలికి రావడానికి కొన్ని దారులే. 1914లో జర్మనీ చేతిలోంచి జపాన్ తీసుకుంది, తర్వాత దాన్ని పెద్ద నేవల్ బేస్ చేసుకుంది. దీవులకి తమ పేర్లు పెట్టుకున్నారు, వసంత దీవి, వేసవి దీవి ఇలా. ఎటెన్ అనే చిన్న దీవిని తకేషిమా అన్నారు, దాన్ని చెక్కి, పూడ్చి ఎయిర్‌ఫీల్డ్ చేశారు, పైనించి చూస్తే అచ్చం విమాన వాహక నౌకలా ఉంటుంది. ఫుజికావా మారు లంగరు వేసింది ఆ ఎటెన్ పక్కనే.

మ్యాప్ చూస్తే ఇంతకంటే మంచి హార్బర్ ప్రపంచంలో లేదనిపిస్తుంది, యుద్ధ నౌకలు దాక్కోడానికి నిజంగానే బ్రహ్మాండం. సరుకు ఓడకి మాత్రం కాదు. ఇంత పెద్ద బేస్‌కి తగ్గ బెర్తులు లేవు, క్రేన్లు లేవు. ఓడ నీళ్ల మధ్యలో లంగరు వేసుకుని నిలబడాలి, సొంత డెరిక్‌లతో సరుకు ఎత్తి పక్కన కట్టిన బార్జిలోకి దించాలి, బార్జి ఒడ్డుకి పోయి ఖాళీ చేసుకుని తిరిగి రావాలి. కాకినాడ యాంకరేజ్ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, హోప్ ఐలాండ్ చాటున ఓడలు నిలబడి ఉంటే బియ్యం బస్తాలతో బార్జిలు వెళ్తూ వస్తూ ఉంటాయి, బార్జి లేటయితే కూలీల గ్యాంగ్ ఊరికే కూర్చుంటుంది, గాలి వస్తే పని ఆగుతుంది, ఒక్కో హోల్డ్ ఖాళీ అయ్యేసరికి రోజులు గడుస్తాయి. నేను ఒకసారి ఒక రేవులో బార్జిలు రాక వారం పైన ఊరికే ఉన్నాను, మా సరంగు రోజూ పొద్దున్నే దుర్భిణి పట్టుకుని ఒడ్డు వైపు చూసి "పెళ్లివారింకా రాలేదు సార్" అనేవాడు. శాంతి కాలంలో అయితే దీనికి డెమరేజ్ అని డబ్బు రూపంలో లెక్క ఉంటుంది, రోజుకింత అని. యుద్ధంలో ఆ లెక్క ఓడ రూపంలో కట్టాలి.

ఫుజికావా మారు ట్రక్ వచ్చింది దాడికి కొద్దిగా ముందే. 30 విమానాలు దించింది, నకజిమా కంపెనీ టెన్జాన్‌లు, అమెరికా వాళ్లు జిల్ అని పిలిచేవాళ్లు, అప్పటికి జపాన్ నేవీ చేతిలో ఉన్న కొత్త టార్పెడో విమానం. ఇక్కడ చిన్న లెక్క చూడండి. ఖాళీ టెన్జాన్ ఒక్కోటి సుమారు 3 టన్నులు, 30 కలిపితే 90 టన్నులు, ఈ సైజు ఓడకి 90 టన్నులు ఒక లెక్కా? బస్సులో ఒక గోనె సంచి వేసినట్టు. కానీ రెక్కలు చూడండి, విప్పకముందు ఆ చివరి నుంచి ఈ చివరికి దాదాపు 15 మీటర్లు, బాడీ 11 మీటర్లకి కొంచెం తక్కువ. హాచ్‌లోంచి (హోల్డ్ పైనుండే ద్వారం) వంకర టింకరగా దించాలి, ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు, నలిగిపోతాయి. అంటే బరువు రాకముందే చోటు నిండిపోతుంది. పైన చెప్పిన 19,600 ఘనపు మీటర్లు (అందులో ఇంజను రూమ్, క్యాబిన్లు పోను) ఇలా గాలితో నిండిపోతుంటే ఏ మేట్ అయినా ఏం చేస్తాడు, కింద బరువైనవి వేస్తాడు, గుళ్ల పెట్టెలు, డ్రమ్ములు, ఇంజన్లు. పైన విమానం బాడీలు. శిథిలంలో కనిపించే సరుకు సరిగ్గా ఇలాంటి కలగూరగంపే, జీరో ఫైటర్ల బాడీలు, ప్రొపెల్లర్లు, విమాన ఇంజన్లు, గుళ్లు, పెట్రోలు డ్రమ్ములు, బీరు సీసాలు, వంట గిన్నెలు.

ఇలాంటి స్టోవేజ్‌లో (సరుకు సర్దడంలో) తప్పు లేదు, నేనైనా అలాగే చేస్తా. కాకపోతే దానికి ఒక షరతు ఉంది, దించడం మొదలుపెడితే అడుగు వరకూ ఆగకూడదు. అర్జెంట్ సరుకు దించేసి మిగతాది తర్వాత చూద్దాం అన్నారంటే ఓడ గోడౌన్ అయిపోతుంది. ట్రక్‌లో జరిగింది అదే అని నా అభిప్రాయం. దించిన 30 విమానాల సంగతి ఇంకా ఘోరం, అవి ఎటెన్ మీద రెక్కలు బిగించకుండానే ఉన్నాయి. వేల కిలోమీటర్లు సబ్‌మెరైన్లని తప్పించుకుని తెచ్చిన సరుకు ఒడ్డుకి చేరి ఫ్లోర్ మీద ముక్కలుగా పడుంది. నా దృష్టిలో డెలివరీ అంటే హుక్ నుంచి విడిపించడం కాదు, వాడుకునేవాడి చేతిలో పనికి రావడం, ఈ మాట అంటే నా కొలీగ్ ఒకాయన "అది మన పని కాదు గురూ, మన బాధ్యత హాచ్ దాకానే" అంటాడు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రవాణా పత్రం) ప్రకారం ఆయన చెప్పిందే కరెక్టు, అయినా నేను ఒప్పుకోను.

హెచ్చరిక లేదా అంటే ఉంది. ఫిబ్రవరి 4న అమెరికా నిఘా విమానాలు ట్రక్ మీదకి వచ్చి ఫోటోలు తీసుకుని పోయాయి, జపాన్ వాళ్లు చూశారు కూడా. జపాన్ ఫ్లీట్ కమాండర్ అడ్మిరల్ కోగా పెద్ద యుద్ధ నౌకల్ని కదిలించేశాడు, ముసాషి అనే పెద్ద యుద్ధ నౌక 10న జపాన్ వైపు వెళ్లిపోయింది, మిగతా పెద్దవి పలావుకి. సరుకు ఓడలు మాత్రం ఉండిపోయాయి. ఎందుకంటే వాటిలో సరుకు ఉంది! దించడం అవ్వలేదు, వదిలి పోలేవు. యుద్ధ నౌక గంటల్లో లంగరు ఎత్తుతుంది, హాచ్‌లు తెరిచి పక్కన బార్జిలు కట్టుకున్న సరుకు ఓడ అలా కాదు. కొన్నాళ్లు అలర్ట్‌లో ఉంచి, ఏమీ రాకపోయేసరికి సడలించేశారు.

ఫిబ్రవరి 17 తెల్లవారుజామున అమెరికా వాళ్లు వచ్చారు. మిచర్ కింద ఉన్న టాస్క్ ఫోర్స్ 58, మొత్తానికి పెద్ద స్ప్రూయన్స్, 9 విమాన వాహక నౌకలు. ముందు 72 హెల్‌క్యాట్ ఫైటర్లు వచ్చి గాల్లో, నేల మీద ఉన్న జపాన్ విమానాల్ని ఏరేశాయి, రెండ్రోజుల్లో 250 పైన పోయాయి అంటారు, అందులో ఎటెన్ మీద ముక్కలుగా ఉన్న ఆ 30 కూడా. ఆ తర్వాత బాంబర్లు, టార్పెడో విమానాలు, లంగరు మీద కదలకుండా ఉన్న ఓడల మీదకి. అయికోకు మారు అనే ఓడలో మందుగుండు పేలితే ఓడ ముందు భాగం ఆనవాలు లేకుండా పోయింది, దాన్ని కొట్టిన విమానం కూడా ఆ పేలుడులోనే పోయింది. ఆ రాత్రి ఎంటర్‌ప్రైజ్ అనే వాహక నౌక నుంచి 12 ఎవెంజర్ విమానాలు రాడార్ సాయంతో చీకట్లో వచ్చి మళ్లీ కొట్టాయి. 18న కూడా దాడి నడిచింది, మొత్తం మీద 30కి పైగా సరుకు ఓడలు, ట్యాంకర్లు, దాదాపు 2 లక్షల టన్నులు. అమెరికా వైపు చనిపోయింది 40 మంది, జపాన్ వైపు వేలల్లో.

ఫుజికావా మారుకి తగిలింది విమానం నుంచి వేసిన టార్పెడో, స్టార్‌బోర్డ్ (కుడి) వైపు, మధ్య భాగానికి కాస్త వెనక. అమెరికా వాళ్ల మార్క్ 13 టార్పెడో అది, తలలో దాదాపు 270 కిలోల పేలుడు మందు.

ఇప్పుడు ఇందాక అడిగిన ప్రశ్నకి, సెప్టెంబర్‌లో బతికిన ఓడ ఫిబ్రవరిలో ఎందుకు పోయిందన్నదానికి వస్తాను. బోర్డు మీద ఒక ఊహా లెక్క వేయిస్తా. నీటి మట్టానికి 5 మీటర్ల కింద 10 చదరపు మీటర్ల కన్నం పడిందనుకోండి, నీళ్లు లోపలికి వచ్చే వేగం సెకనుకి దాదాపు 10 మీటర్లు, కన్నం అంచుల వల్ల తగ్గేది తీసేస్తే సెకనుకి ఇంచుమించు 60 టన్నుల నీళ్లు. ఓడ బిల్జ్ పంపులు (అడుగున చేరిన నీళ్లు తోడేవి) గంటకి కొన్ని వందల టన్నులు తోడితే గొప్ప. గంటకి వందలు ఎక్కడ, సెకనుకి 60 ఎక్కడ. కాబట్టి పంపుతో ఓడని కాపాడేది అంటూ ఏమీ లేదు, కాపాడేది బల్క్‌హెడ్ (గదుల మధ్య అడ్డుగోడ) ఒక్కటే, నీళ్లు వచ్చిన గదిలోనే ఆగుతాయా లేదా అన్నది. చివరి హోల్డ్‌లో తగిలితే ఒక గది పోతుంది, ఓడ వెనక్కి వంగుతుంది, మిగతా గదులు తేలుస్తాయి. మధ్యలో ఇంజను రూమ్ దగ్గర తగిలితే ఓడలో అన్నింటికంటే పెద్ద గది పోవచ్చు, దాంతో పాటే కరెంటు, పంపులు, అన్నీ. పక్క బల్క్‌హెడ్ రివెట్లు వదిలితే రెండో గది. షాఫ్ట్ టన్నెల్ (ప్రొపెల్లర్ ఇరుసు వెళ్లే సొరంగం) తలుపు మూయకపోతే నీళ్లు వెనక హోల్డ్‌ల కిందకి దారి చేసుకుంటాయి. ఆ కాలంలో సరుకు ఓడ ఒక గది నిండినా తేలాలి అనే రూలు ఎక్కడా లేదు, పొడి సరుకు ఓడలకి డ్యామేజ్ స్టెబిలిటీ (దెబ్బ తిన్నా తేలి ఉండటం) రూలు సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రత ఒప్పందంలోకి వచ్చింది 1992లో. నా కెరీర్ కంటే అట్టే పాతది కాదు, చెప్తే పిల్లలు నమ్మరు.

పోతే ఇంకో విషయం, ఈ ఓడ పక్కకి పడలేదు. అడుగున నిటారుగా కూర్చుంది, లంగరు మీద నిలబడినట్టే. అదే లగూన్‌లో హెయాన్ మారు ఎడమ పక్కకి పడి ఉంది, రియో డి జనీరో మారు కుడి పక్కకి. ఫుజికావాలో నీళ్లు స్టార్‌బోర్డ్‌లోంచి వచ్చినా లోపల ఓడ పొడవునా అడ్డుగోడ లేకపోవడం వల్ల రెండో వైపుకీ పరుచుకుని ఉంటాయి, కింద బరువైన సరుకు ఉంది, లోతు 34 మీటర్లే, బోర్లా పడేంత టైమూ చోటూ లేకుండానే అడుగు తగిలింది. ఇది నేను శిథిలం ఉన్న తీరు నుంచి వెనక్కి లెక్కేసి చెప్తున్నది, దీని మీద వాదించుకోవచ్చు. క్లాసులో వాదిస్తారు కూడా, ఒకడైతే టాప్ వెయిట్ తీసేశారు కదా సర్, విమానాలు దించాక జీఎం (ఓడ నిలకడకి కొలత) పెరిగి ఉంటుంది, అందుకే నిటారుగా దిగింది అన్నాడు. విమానాలు మొత్తం 90 టన్నులే అని నువ్వే కదా ఇందాక లెక్కేశావు అన్నా.

లోతు తక్కువ కావడంతో చాలా ఏళ్లు దాని మాస్ట్‌లు నీళ్ల పైకి కనిపించేవి, తర్వాత అవీ కూలాయి. ట్రక్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ దాడిని కళ్లారా చూసిన కిమియో ఐసెక్ పెద్దయ్యాక ఓడలు ఎక్కడెక్కడ మునిగాయో గుర్తుపెట్టుకుని వెతికి 1973లో డైవ్ షాప్ పెట్టాడు. స్థానికులు కొందరు ఓడల్లో మిగిలిన మందుగుండు బయటికి తీసి చేపలు పట్టడానికి పేల్చేవాళ్లు, దానివల్ల శిథిలాలూ పాడయ్యాయి, మనుషులూ పోయారు. ఫుజికావా ఇంజను రూమ్ దగ్గర వర్క్‌షాప్‌లో ఒక చిన్న ఎయిర్ కంప్రెసర్ ఉంటుంది, కళ్లూ ముఖం ఉన్న రోబోలా కనపడుతుంది, డైవర్లకి అది సెలబ్రిటీ. రెండో హోల్డ్‌లో జీరో బాడీలు ఇప్పటికీ ఉన్నాయి, కాక్‌పిట్‌లో కూర్చుని ఫోటోలు దిగుతారు.

వైజాగ్ వాడినై ఉండి ఒకటి చెప్పకపోతే బాగోదు. 1942 ఏప్రిల్ 6న మన వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులు వేసింది ఇదే జపాన్ నేవీ, ర్యూజో అనే చిన్న విమాన వాహక నౌక నుంచి వచ్చాయి. ఆ వారంలోనే బంగాళాఖాతంలో ఒంటరిగా, కాపలా లేకుండా పోతున్న సరుకు ఓడల్ని పదుల్లో ముంచారు. అంటే కాపలా లేని సరుకు ఓడలు ఎంత తేలిగ్గా పోతాయో వాళ్లకి ముందే తెలుసు, మన కోస్తాలో చేసి చూశారు. రెండేళ్లు తిరక్కుండానే తమ ఓడల్ని అలాగే వదిలేశారు. యుద్ధం అయ్యేసరికి జపాన్ వ్యాపార ఓడల్లో పనిచేసినవాళ్లు 60 వేల మంది దాకా చనిపోయారు, ఆర్మీ, నేవీల్లో కంటే వీళ్లలోనే పోయినవాళ్ల నిష్పత్తి ఎక్కువ. వీళ్లు సైనికులు కాదు, మనలాగే మేట్లు, ఇంజనీర్లు, సరంగులు, వంటవాళ్లు.

కేస్ చివర కాడెట్లకి ఇచ్చే పని ఒకటే. 6 హోల్డ్‌ల ప్లాన్ ఇస్తా, ఒక్కో హోల్డ్‌కి ఒక గ్యాంగ్, 4 బార్జిలు, బార్జి వెళ్లి రావడానికి 3 గంటలు, పైన చెప్పిన సరుకు. ఫిబ్రవరి 4న నిఘా విమానం కనపడింది, 10న పెద్ద నౌకలు వెళ్లిపోయాయి, ఏ హోల్డ్ ముందు తెరుస్తావు, ఏది వదిలేస్తావు, ఏ రోజు హాచ్‌లు మూసి లంగరు ఎత్తేస్తావు అని. ఇప్పటిదాకా చేసినవాళ్లలో ఎక్కువ మంది 12వ తేదీ దగ్గర ఆగారు, సగం సరుకు లోపలే పెట్టుకుని బయల్దేరారు. పోయినేడు ఒకమ్మాయి మాత్రం 5వ తేదీనే బయల్దేరదీసింది, విమానాలు దించకుండానే. మార్కులు ఎన్ని వేయాలో ఇంకా తేల్చుకోలేదు.